రొయ్య దారి ఎక్కడ తెగుతోంది?

(భీమవరంలో ఆక్వా రైతులు, ఫిషరీస్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. ముందు వరుసల్లో ఉన్న రైతులకు, వెనక నిలబడ్డ విద్యార్థులకు, ఫీడ్ షాపుల నుంచి వచ్చిన మిత్రులకు కూడా.

ఆహార సరఫరాలో ట్రేసబిలిటీ, దానికి డిజిటల్ టెక్నాలజీ ఎలా పనికొస్తుందన్నది ఈ రోజు నాకిచ్చిన అంశం. చాలా పెద్దది. పాలు, మామిడి, మిర్చి, ద్రాక్ష అన్నీ ఇందులోకి వస్తాయి. నేను మాత్రం రొయ్య దాటి పోను. ఈ హాల్లో సగం ఇళ్లు రొయ్య మీదే నడుస్తున్నాయి. నా పని కూడా ప్రాసెసింగ్ ప్లాంట్లలో లాట్ రికార్డులు, అంటే కలిపి ఒకే నంబర్ వేసిన సరుకు లెక్కలు, చూడటమే.

2023-24లో మన దేశం నుంచి ఎగుమతైన సముద్ర ఉత్పత్తుల విలువ 60,523 కోట్ల రూపాయలు. అందులో ఫ్రోజెన్ రొయ్యలవే 40,013 కోట్లు. బరువులో చూస్తే 7.16 లక్షల టన్నులు. అందులో అమెరికా ఒక్కటే 2.97 లక్షల టన్నులు కొన్నది. దేశంలో సాగయ్యే రొయ్యలో సింహభాగం ఆంధ్రదే. అంటే అమెరికాలో ఎవరో సూపర్ మార్కెట్‌కి వెళ్లి ఫ్రీజర్‌లోంచి రొయ్యల ప్యాకెట్ తీసుకుంటే, అది గణపవరమో, ఉండి ఊరో, కైకలూరో, నెల్లూరు అవతలి చెరువో అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ. ఇంతకీ అది ఏ చెరువు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలగడమే ట్రేసబిలిటీ.

జవాబు చెప్పడానికి ఎంతసేపు పట్టాలి? 2016లో వాల్‌మార్ట్ కంపెనీలో ఫుడ్ సేఫ్టీ చూసే ఫ్రాంక్ యియానస్ ఒక పరీక్ష పెట్టాడు. కోసిన మామిడి ముక్కల ప్యాకెట్ ఒకటి తెచ్చి టీమ్ ముందు పెట్టి, ఇది ఏ తోటదో కనుక్కోమన్నాడు. ఫోన్లు చేసి, ఈమెయిళ్లు పంపి, కాగితాలు వెతికి చెప్పడానికి వాళ్లకు 6 రోజుల 18 గంటల 26 నిమిషాలు పట్టింది. అదే సరుకును బ్లాక్‌చెయిన్‌లో, అంటే ఒకసారి రాస్తే గుట్టుగా మార్చలేని డిజిటల్ ఖాతాలో, నమోదు చేశాక మళ్లీ అడిగితే 2.2 సెకన్లలో జవాబొచ్చింది. ఆ తర్వాత ఆయన అమెరికాలో ఆహారం, మందుల నియంత్రణ చూసే ఎఫ్‌డీఏలో డిప్యూటీ కమిషనర్ అయ్యాడు. అక్కడ కూడా ఈ పనే పట్టుకున్నాడు.

మన రొయ్యకీ అలాంటి ప్రయోగం జరిగింది. 2019లో వాల్‌మార్ట్, ఐబీఎం కలిసి మన రాష్ట్ర రైతుల రొయ్యను, సంధ్య ఆక్వా అనే ప్రాసెసింగ్ సంస్థ ద్వారా, అమెరికాలోని వాల్‌మార్ట్ వాళ్ల శామ్స్ క్లబ్ దుకాణాల దాకా బ్లాక్‌చెయిన్ మీద నమోదు చేసుకుంటూ వెళ్లాయి. భారత రైతు నుంచి విదేశీ దుకాణం దాకా రొయ్యను అలా నమోదు చేయడం అదే మొదటిసారని అప్పట్లో ప్రకటించారు. పేపర్లలో వచ్చింది, మీలో కొందరు చదివే ఉంటారు.

తర్వాత చట్టం వచ్చింది. యూరప్‌లో ఇది కొత్త కాదు. 178/2002 అనే రెగ్యులేషన్ ప్రకారం 2005 జనవరి నుంచి అక్కడ ఆహార వ్యాపారం చేసేవాడు సరుకు ఎవరి దగ్గర కొన్నాడో, ఎవరికి అమ్మాడో చెప్పి తీరాలి. ఒక అడుగు వెనక్కి, ఒక అడుగు ముందుకి. అమెరికా 2018 డిసెంబర్ 31 నుంచి దిగుమతి రొయ్యను, సరుకు ఎక్కడిదో రికార్డు అడిగే సీఫుడ్ ఇంపోర్ట్ మానిటరింగ్ ప్రోగ్రామ్‌లోకి తెచ్చింది. 2022 నవంబర్‌లో ఎఫ్‌డీఏ ఇంకా గట్టి నియమం తెచ్చింది. మీరు పేపర్లలో చూసే ఎఫ్‌ఎస్‌ఎంఏ 204 అదే. అది వర్తించే ఆహారాల జాబితాలో రొయ్య కూడా ఉంది. అధికారులు అడిగిన 24 గంటల్లోపు రికార్డులు కంప్యూటర్ పట్టికలో ఇవ్వాలి. చేపలు, రొయ్యలు పెంచేవాళ్లయితే ప్రతి చెరువుకీ ఒక పేరు, అది ఉన్న చోటు, దాని అక్షాంశ రేఖాంశాలతో మ్యాప్ ఉంచుకోవాలి. 2026 జనవరి నుంచి అమలు కావలసింది, 2028 జూలైకి వాయిదా పడింది. వాయిదా పడిందని మన దగ్గర చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. పెద్ద పెద్ద కొనుగోలుదారులు మాత్రం గడువు కోసం ఆగరండి. వాళ్ల సప్లయర్లను ముందు నుంచే అడుగుతారు.

చట్టాల సంగతి అంతే. ఇప్పుడు చెరువు గట్టు మీదకి వద్దాం. నేను చెప్పదలచుకున్నదంతా అక్కడే ఉంది.

పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్య పట్టే రోజు, ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, విద్యార్థుల కోసం చెబుతున్నాను. తెల్లవారుజామున మూడింటికే వల దిగుతుంది. గట్టు మీద రెండు లైట్లు, తూకం కాటా, ప్లాస్టిక్ క్రేట్లు, ఐస్ దిమ్మలు, ఓ పక్కన వ్యాన్. ఏజెంట్ మనిషి గుప్పెడు రొయ్యలు తీసి కౌంట్, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో, చూస్తాడు. యాభై అంటాడు, రైతు నలభై ఎనిమిది అంటాడు. కాసేపు వాదన. తూకాలు పడుతుంటే ఒకతను చీటీ రాస్తుంటాడు. రైతు పేరు, క్రేట్ల లెక్క, కిలోలు, కౌంట్. చెయ్యి తడి, చీటీ తడి. చాలాసార్లు ఆ చీటీ మీద రైతు పేరు కూడా ఉండదు, ‘పెద్ద చెరువు’ అని ఉంటుంది, లేదంటే ‘రాజుగారిది’ అని ఉంటుంది. మన జిల్లాలో రాజుగారు అంటే ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి.

అక్కడితో వ్యాన్ నిండకపోతే పక్క ఊళ్లో ఇంకో చెరువు దగ్గర ఆగుతుంది. ఐస్ వేసిన క్రేట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ప్లాంట్ గేటు దగ్గర దిగేటప్పటికి ఏ క్రేటు ఏ చెరువుదో చెప్పగలిగేది డ్రైవర్ ఒక్కడే, అదీ ఆయనకు గుర్తుంటేనే. ఆ గేటు దగ్గర ప్లాంట్ వాళ్లు లాట్ నంబర్ వేస్తారు. అక్కడి నుంచి అంతా కంప్యూటరే. వాషింగ్, గ్రేడింగ్, ఫ్రీజింగ్, కోల్డ్ స్టోర్, కంటైనర్... ప్రతి చోటా బార్‌కోడ్ స్కాన్ అవుతుంది, ఉష్ణోగ్రత నమోదవుతుంది. ఆ కంటైనర్ సముద్రం మీద ఎక్కడుందో మనం ఫోన్‌లో చూసుకోవచ్చు. వేల కిలోమీటర్ల దారి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. చెరువుకీ ప్లాంట్ గేటుకీ మధ్య ఉన్న ముప్పై, నలభై కిలోమీటర్లే కనిపించవు. దారి తెగుతున్నది సరిగ్గా అక్కడ.

ప్లాంట్ లోపల కూడా ఒక చిక్కుంది. మన దగ్గర కౌంట్ కిలోకి, ఎగుమతిలో కౌంట్ పౌండుకి. కిలోకి 50 కౌంట్ రొయ్య తల తీశాక 31/40 గ్రేడులో, అంటే పౌండుకి 31 నుంచి 40 తూగే సైజులో, పడుతుంది. ఎకరం చెరువు నుంచి రెండున్నర టన్నులు వచ్చాయనుకోండి, తల తీస్తే టన్నున్నర పైన మిగులుతుంది. 31/40 గ్రేడు పదహారు టన్నులు కావాలని ఆర్డర్ వస్తే? ఒక చెరువుతో అవ్వదు, అలాంటివి పది కావాలి. పైగా ఏ చెరువు రొయ్య అయినా ఒకే సైజు ఉండదు. గ్రేడింగ్ మెషిన్ మీద ఒక చెరువు సరుకు మూడు నాలుగు సైజులుగా విడిపోతుంది, వేరే చెరువుల అదే సైజు సరుకు వచ్చి దానితో కలుస్తుంది. ఇది దొంగతనం కాదు, వ్యాపారం అలాగే నడుస్తుంది. కానీ కలిసినప్పుడు ఏ ఏ లాట్లు లోపలికి వెళ్లాయి, ఏ కొత్త లాట్ బయటకు వచ్చింది అన్నది అప్పటికప్పుడు రాయాలి. సాయంత్రం షిఫ్ట్ అయిపోయాక గుర్తున్నంత వరకు రాస్తే, మొత్తం శ్రమ అక్కడ నీళ్లలో కలిసినట్టే.

కలపడం ఎంత ప్రమాదమో మిర్చి చెప్పింది మనకి. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో వందల రకాల ఆహార పదార్థాలను షాపుల్లోంచి వెనక్కి తీసుకున్నారు. భారత్ నుంచి వెళ్లిన కారం పొడిలో సూడాన్-1 అనే నిషేధిత రంగు ఉంది. ఆ కారం ఒక సాస్‌లోకి వెళ్లింది, ఆ సాస్ సూపుల్లోకి, సాసేజ్‌ల్లోకి, రెడీమేడ్ భోజనాల్లోకి వెళ్లింది. ఎక్కడో ఒక చోట పడిన కల్తీ వందల లేబుళ్ల మీదకి పాకింది. దాని దెబ్బ రంగు కలపని వాళ్ల కారానికీ తగిలింది.

రొయ్యలో ఆ రంగు స్థానంలో యాంటీబయాటిక్ ఉంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు. రొయ్యకీ, ఏ తినే జంతువుకీ వాడకూడనివి. యూరప్ వాళ్లు 2016లో మన రొయ్య కన్‌సైన్‌మెంట్లలో పరీక్షించే వాటా పది శాతం నుంచి యాభై శాతానికి పెంచారు, ఈ మందుల వల్లే. నైట్రోఫ్యూరాన్ల విషయంలో వాళ్లు పట్టే హద్దు ఎంతో తెలుసా? 2022 నవంబర్ నుంచి కిలోకి అర మైక్రోగ్రాము. అంటే వెయ్యి టన్నుల రొయ్యలో అర గ్రాము. ఇంకో సంగతి, ఆ నైట్రోఫ్యూరాన్లలో ఒకటైన ఫ్యూరాజోలిడోన్ మందు శరీరంలో త్వరగానే విరిగిపోతుంది. దాన్నుంచి పుట్టే ఏఓజెడ్ అనే పదార్థం మాత్రం కండలోని ప్రొటీన్‌కి అతుక్కుని వారాల తరబడి ఉండిపోతుంది. ల్యాబ్‌లు వెతికేది దాన్నే. అందుకే నెలన్నర కిందట పడిన మందు కూడా పట్టుబడి నాడు దొరుకుతుంది.

ఇప్పుడు అసలు మాట. అలా దొరికినప్పుడు నింద ఎవరి మీద పడుతుంది? రైతు మీద. కొల్లేరు పక్క ఊళ్లో ఒక పెద్దాయన ప్లాంట్ ఆఫీసులో కూర్చుని నాతో అన్న మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. "బాబూ, నేను వేయలేదు. వేయలేదని ఎలా చూపించమంటారు?" ఆయన దగ్గర చూపించడానికి నిజంగానే ఏమీ లేదు. మేత డీలర్ దగ్గర అప్పు మీద తెచ్చుకున్నది. మినరల్స్, ప్రోబయోటిక్స్, ‘గట్ టానిక్’ అని ఇచ్చిన డబ్బాలు, అన్నీ అదే ఖాతాలో. పంట అయ్యాక ఒకే బిల్లు, ఒకే మొత్తం. ఏ బస్తా ఏ బ్యాచ్‌దో, ఏ డబ్బా ఏ తేదీన వాడాడో ఎక్కడా లేదు. లేబుల్ మీద రాయని మందు ఆ డబ్బాల్లో దేంట్లోనైనా ఉండొచ్చు. రొయ్యపిల్లలను పుట్టించే హేచరీలో, పిల్లల దశలోనే పడి ఉండొచ్చు. పక్క చెరువు సరుకు వ్యాన్‌లో కలిసి ఉండొచ్చు. లేదా ఆయనే వేసి ఉండొచ్చు. తేల్చే దారి లేదు కాబట్టి దారి చివర ఉన్న మనిషికి రేటు కోసేశారు.

మన దగ్గర ట్రేసబిలిటీ అంటే ఇప్పటి దాకా ప్లాంట్ నుంచి వెనక్కి నడిచి రైతు దగ్గర ఆగిపోవడం. అది అక్కడ ఆగకూడదు. రైతు నుంచి ఇంకా వెనక్కి, హేచరీకి, మేత ఫ్యాక్టరీకి, మందుల కంపెనీకి వెళ్లాలి. సరిగ్గా రాసిన రికార్డు రైతుకి సాక్షి. ఆ సాక్షి లేకపోవడం వల్ల నష్టపోతున్నది ఎక్కువగా తప్పు చేయని వాడే. ఈ ఒక్క మాట మీరు ఇంటికి తీసుకెళ్తే నాకు చాలు.

సీడ్, అంటే చెరువులో వేసే రొయ్యపిల్లల సంగతి చూడండి. ఇప్పుడు మనం పెంచే వనామి రకం రొయ్యకి 2009లో అనుమతి వచ్చినప్పటి నుంచి తల్లి రొయ్యలను వ్యాధి లేని ఎస్‌పీఎఫ్ రకాలుగా విదేశాల నుంచి తెస్తున్నారు. చెన్నై దగ్గర నీలాంకరైలో క్వారంటైన్‌లో పెట్టి పరీక్షించాకే హేచరీలకు ఇస్తారు. పర్మిట్, హెల్త్ సర్టిఫికెట్, పరీక్ష ఫలితం, అన్నీ ఉంటాయి. ఆ తల్లికి పుట్టిన పిల్ల మీ చెరువుకి వచ్చేసరికి ఆక్సిజన్ నింపిన కవర్, దాని మీద ఒక స్టిక్కర్, చేతిలో ఒక బిల్లు. ఆ స్టిక్కర్ మీదే ఒక క్యూఆర్ కోడ్ ఉండి, స్కాన్ చేస్తే హేచరీ రిజిస్ట్రేషన్, ఏ ట్యాంక్, ఏ తేదీ, వ్యాధి ఉందో లేదో చూసే పీసీఆర్ రిపోర్ట్ ఫోన్‌లోకి వచ్చేయొచ్చు కదా? ఇందులో కష్టమేమీ లేదు. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీద బ్యాచ్ నంబర్ ఉంటుంది. లక్షల ఖరీదు చేసే సీడ్‌కి ఉండటానికి ఏం అడ్డం?

మేతా అంతే. ప్రతి బస్తా మీద బ్యాచ్ నంబర్ ఉంటుంది. డీలర్ బిల్లులో మాత్రం అది రాదు. రాయడానికి బద్ధకం కావచ్చు, ఎవరూ అడగలేదు కాబట్టి కావచ్చు. బస్తా విప్పే ముందు లేబుల్‌ని ఫోన్‌తో ఒక ఫోటో తీస్తే ఇప్పటి ఫోన్లు ఆ అక్షరాలను చదివి పెడతాయి, తేదీ, చోటు వాటంతట అవే నమోదవుతాయి. మీలో చాలామంది మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే ఫోటోలు, కౌంట్ తీసిన ఫోటోలు రోజూ టెక్నీషియన్‌కి వాట్సాప్‌లో పంపుతూనే ఉన్నారు. రికార్డు అప్పుడే పుడుతోందండి. దాన్ని ఫోన్ మార్చినప్పుడు పోకుండా ఒక చోట పెట్టడమే తక్కువ.

యాప్ చేసేవాళ్లు, ముఖ్యంగా కంప్యూటర్ సైన్స్ నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ ఉంటే, ఒక మాట. గట్టు మీద సిగ్నల్ ఉండదు, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేయాలి. చేతికి మట్టి ఉంటుంది, టైప్ చేయించకండి, తెలుగులో మాటగా చెబితే రాసుకోవాలి. ఎవరూ పద్దెనిమిది గళ్ల ఫారం నింపరు. నేను చూసిన యాప్‌లలో సగం ఎగుమతిదారు ఆఫీసులో కూర్చున్న మనిషి కోసం చేసినవి. రైతు దాన్ని ఒక పంట వాడి పక్కన పెట్టేస్తాడు. తప్పు ఆయనది కాదు.

డిజిటల్ అయినంత మాత్రాన నిజం అయిపోతుందా అని మీరు అడగాలి. బ్లాక్‌చెయిన్ గురించి చాలా గొప్పగా చెబుతారు. దాని గుణం ఒకటి మెచ్చుకోవాల్సిందే, ఒకసారి రాసింది తర్వాత ఎవరూ చడీచప్పుడు లేకుండా మార్చలేరు. కానీ మొదట రాసిందే అబద్ధమైతే అది ఆ అబద్ధాన్నే భద్రంగా దాచిపెడుతుంది. 2013లో యూరప్‌లో గొడ్డు మాంసం అని అమ్మిన ఫ్రోజెన్ లసాన్యా అనే వంటకంలో గుర్రం మాంసం బయటపడింది. సరుకు దేశాలు దాటి, దళారుల చేతులు మారి వచ్చింది, ప్రతి చేతిలోనూ కాగితం ఉంది. డీఎన్‌ఏ పరీక్ష చేస్తే గానీ తెలియలేదు. కాబట్టి రికార్డును నమ్మే ముందు లెక్క సరిచూడాలి, అక్కడక్కడ ల్యాబ్‌లో పరీక్షించాలి. నా ఉద్దేశంలో బ్లాక్‌చెయిన్ లేకపోయినా పర్లేదు, లెక్క సరిచూడకపోతే మాత్రం కుదరదు.

లెక్క సరిచూడటం అంటే ఏంటో బోర్డు మీద చూద్దాం. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. లక్షన్నర సీడ్ వేశారు. అంటే చదరపు మీటరుకి 37. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ పెట్టిన 60 హద్దు లోపలే ఉంది. 80 శాతం బతికాయనుకుంటే లక్షా ఇరవై వేలు. 50 కౌంట్‌కి పట్టారు, 2,400 కిలోలు. కిలో రొయ్యకి కిలోన్నర లోపు, 1.4 కిలోల మేత వేస్తే 3,360 కిలోలు, పాతిక కిలోల బస్తాలు 134. ఇప్పుడు ఈ చెరువు పేరుతో ప్లాంట్‌కి 4,000 కిలోలు చేరినట్టు రికార్డు ఉంటే, మిగతా 1,600 కిలోలు ఎక్కడివి? సీడ్ బిల్లు లక్షన్నరకే ఉంది, మేత 134 బస్తాలకే ఉంది. అంటే పరీక్షలో పాసైన చెరువు పేరు మీద వేరే చెరువు సరుకు వచ్చింది. ఇది కనిపెట్టడానికి ఇన్‌స్పెక్టర్ రాత్రిపూట గట్ల మీద తిరగక్కర్లేదు. సీడ్ బిల్లు, మేత బిల్లు, తూకం చీటీ ఒకే చోట ఉంటే కంప్యూటర్ క్షణంలో ఎర్రగా చూపిస్తుంది. చెరువు నిజంగా ఉందా, ఆ నెలలో నీళ్లున్నాయా అన్నది కూడా చూడొచ్చు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహం పది మీటర్ల స్పష్టతతో తీసే చిత్రాలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి.

పట్టుబడికి ముందు తీసే శాంపిల్ విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. యూరప్ సరుకుకి, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా ల్యాబ్‌లలో ప్రీ-హార్వెస్ట్ టెస్ట్ చేయించి సర్టిఫికెట్ తీసుకుంటారు. శాంపిల్ తీసింది ఒక చెరువులో, పట్టింది ఇంకో చెరువులో అయితే ఆ సర్టిఫికెట్‌కి విలువేముంది? శాంపిల్ కవర్ మీద కోడ్, తీసిన చోటు, వేళ ఫోన్‌లోనే ముద్రపడితే ఆ సందు మూసుకుపోతుంది.

మరో అడ్డంకి, ఎవరి యాప్ వారిది. ఒక ఎగుమతిదారు యాప్‌లో రాసింది ఇంకొకరి దానిలోకి పోదు. వచ్చే పంట వేరే కంపెనీకి అమ్మితే మళ్లీ మొదటి నుంచి. అందరి డేటా ఒకే తీరులో ఉండాలని, బార్‌కోడ్ ప్రమాణాలు చూసే జీఎస్1 సంస్థ ఈపీసీఐఎస్ అనే ప్రమాణం చేసింది. ఏ సరుకు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు చేతులు మారింది అన్నది అందులో ఒక పద్ధతిలో రాస్తారు. చేపలు, రొయ్యల కోసం దాని మీదే జీడీఎస్‌టీ అని ఒక ప్రమాణం 2020లో వచ్చింది. ప్రభుత్వం డబ్బు పెట్టేదైనా, ప్రైవేట్‌ది అయినా ఈ ప్రమాణంలో డేటా బయటకు ఇవ్వని యాప్ ఏదీ తీసుకోవద్దని నా గట్టి సలహా. ద్రాక్షకి, వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా 2006లోనే గ్రేప్‌నెట్ పెట్టింది. ప్రతి తోటకీ రిజిస్ట్రేషన్, ల్యాబ్ రిపోర్ట్, ప్యాక్‌హౌస్, అన్నీ ఒకే వ్యవస్థలో. మహారాష్ట్ర ద్రాక్ష రైతులు చేయగలిగింది గోదావరి రొయ్య రైతు చేయలేడంటే నేను ఒప్పుకోను.

అయితే మన దగ్గర ద్రాక్షతోటల్లో లేనంత చిక్కు ఒకటి ఉంది, లీజు. చెరువు ఒకరిది, సాగు మరొకరిది. కాగితాలు, రిజిస్ట్రేషన్ భూమి యజమాని పేరున ఉంటాయి, ఆయన హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. నీళ్లలో దిగేది, అప్పు చేసేది, రాత్రిళ్లు ఏరేటర్లకు కాపలా ఉండేది లీజు రైతు. వ్యవస్థలో ఆయన పేరే లేకపోతే మంచి రికార్డు వల్ల వచ్చే లాభం ఆయనకి చేరదు, నింద మాత్రం చేరుతుంది. చెరువుకి ఒక శాశ్వత నంబర్, ప్రతి పంటకీ ఆ నంబర్ కింద సాగు చేసిన మనిషి పేరు విడిగా. ఇలా చేస్తే యజమానికి హక్కు పోతుందన్న భయం లేకుండా లీజు రైతుకి గుర్తింపు దొరుకుతుంది. దీని మీద మీ సంఘాలు గట్టిగా అడగాలి.

డేటా ఎవరికి ఎంత కనిపించాలన్నది ఇంకా ముఖ్యం. కొనేవాడికి చెరువు నంబర్, సీడ్ ఎక్కడిది, మేత బ్యాచ్‌లు, వాడిన మందులు, పరీక్ష ఫలితం కావాలి. అది ఆయన హక్కు. రోజువారీ మేత ఎంత తగ్గింది, రాత్రి ఆక్సిజన్ ఎంతకి పడిపోయింది, ఎన్ని రొయ్యలు గట్టుకి వచ్చాయి... ఇవి ఆయనకి అక్కర్లేదు. వైట్ స్పాట్ వ్యాధి వచ్చి మీరు హడావిడిగా పట్టాల్సి వస్తోందని కొనేవాడికి మీకంటే ముందే తెలిస్తే, ఆ ఉదయం రేటు ఎంత చెబుతాడో మీకు తెలుసు. కాబట్టి మీ చెరువు లోపలి డేటా మీ చేతిలోనే ఉండాలి, మీరు చూపించాలనుకున్నది మాత్రమే దాటాలి. యాప్‌లో ‘అంగీకరిస్తున్నాను’ బటన్ నొక్కే ముందు ఇది అడగండి.

ఇక డబ్బు. రికార్డు రాయడం పని. పనికి కూలి ఉండాలి. అన్నీ ఉన్న చెరువుకీ, ఏమీ లేని చెరువుకీ ఒకే రేటు ఇస్తూ ట్రేసబిలిటీ రావాలంటే రాదు. 2025లో అమెరికా సుంకాలు పెంచాక మన ఎగుమతిదారుల చూపు యూరప్ మీద పడింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో యూరప్ మన దేశంలో మరో 102 యూనిట్లకు అనుమతి ఇచ్చింది. అక్కడికి పంపాలంటే శుభ్రమైన చరిత్ర ఉన్న సరుకు కావాలి, అది మీ దగ్గరే దొరకాలి. బేరం ఆడటానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు. కిలోకి మూడో, ఐదో రూపాయలు ఎక్కువ అడగండి. విడిగా ఒక్కొక్కరు అడిగితే ఇవ్వరు, యాభై మంది రైతులు ఒకే తీరు రికార్డులతో వెళ్తే కాదనడం కష్టం.

ప్లాంట్లలో పీలింగ్ చేసే ఆడవాళ్ల సంగతి కూడా ఈ దారిలోదే. 2024లో మన రొయ్య పరిశ్రమలో కార్మికుల పరిస్థితుల మీద అమెరికాలో నివేదికలు వచ్చాక, కొనేవాళ్లు చెరువు నంబర్‌తో పాటు ఒలిచింది ఎవరు, ఎన్ని గంటలు, ఎంత కూలి అని కూడా అడుగుతున్నారు. అడగాల్సిందే. చల్లటి నీళ్లలో గంటల తరబడి నిలబడి వేళ్లు తెల్లగా ముడతలు పడ్డ చేతులను నేను రోజూ చూస్తాను. లాట్ రికార్డులో ఉష్ణోగ్రతకి గడి ఉన్నప్పుడు ఆ మనిషి షిఫ్ట్‌కీ ఒక గడి ఉండాలి.

చివరగా ఒకటి నా మనసులో ఉన్నది. ఇంత కష్టపడి అమెరికా వాళ్లకి ఏ చెరువో చెబుతాం. హైదరాబాద్‌లో, విజయవాడలో మన పిల్లలు తినే రొయ్యకి? ఆహార భద్రతా చట్టం 2006లో వచ్చింది, సరుకు వెనక్కి తీసుకోవడం గురించి 2017లో నియమాలు వచ్చాయి. చేపల మార్కెట్‌లో గుట్టగా పోసిన రొయ్యను ఎవరి దగ్గరికి వెనక్కి పంపుతారు? ఎగుమతి పరీక్షలో తేడా వచ్చిన సరుకు ఎక్కడికి పోతుందో కనిపెట్టే కన్ను కూడా అదే వ్యవస్థలో ఉండాలి. మన ఊళ్లో అమ్మే రొయ్యకీ అదే చెరువు నంబర్, అదే కోడ్ వేయడానికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. మన వాళ్ల కడుపు కూడా కడుపే.

నా వంతు అయింది. ఇప్పుడు మీరు మాట్లాడాలి. రైతుల ప్రశ్నలకంటే ముందు ఫీడ్ డీలర్లను ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. బిల్లులో బస్తా బ్యాచ్ నంబర్ వేయడానికి మీకున్న ఇబ్బంది ఏంటి? కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇవ్వలేదా, టైమ్ లేదా, అప్పు ఖాతాల వల్లా? మైక్ అటు ఇవ్వండి బాబూ.